దారిబత్తెం పద్దు

1830 మే 18న ఏనుగుల వీరాస్వామయ్య మద్రాసు నుంచి కాశీకి బయలుదేరారు. మద్రాసు సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటర్‌గా పనిచేసిన మనిషి. వెంట బంధువులు, పరిచారకులు, పల్లకీ బోయీలు అందరూ కలిసి సుమారు నూరు మంది. హైదరాబాదు, నాగపూరు మీదుగా ప్రయాగ, కాశీ చూసుకుని, కలకత్తా, జగన్నాథం దాటి, కోస్తా బాట పట్టి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. దారి పొడుగునా తన మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకు రాస్తూ వచ్చిన సంగతులే ‘కాశీయాత్ర చరిత్ర’. వీరాస్వామయ్య 1836లో కన్నుమూశాక, 1838లో పిళ్ల దాన్ని అచ్చు వేయించారు. 1941లో దిగవల్లి వేంకట శివరావు పరిష్కరించిన ప్రతి వల్ల ఇప్పటి పాఠకులకు అది చేరువైంది.

ఈ పుస్తకాన్ని క్షేత్రమాహాత్మ్యాల కోసం చదివేవాళ్లున్నారు, కంపెనీ పాలన తీరు కోసం చదివేవాళ్లున్నారు. దాన్ని ఒక పద్దుపుస్తకంగా చదివితే మరో రకమైన రుచి. ఈ ఊరికీ ఆ ఊరికీ ఎంత దూరం, నీళ్లు బావివా ఏటివా, అంగళ్లున్నాయా, దిగడానికి నీడ ఉందా, ముందున్న దారి రేగడా రాళ్లా అన్నవి ఆయన విడవకుండా రాసుకుంటూ పోయారు. నూరు మంది నడిచే దారిలో ఇవి ఊరికే తెలుసుకునే విషయాలు కావు. బోయీలు అలిసిపోతే పల్లకీ కదలదు. అంగడి లేని ఊళ్లో దిగితే ఆ పూట పస్తు. వాన ముదిరాక ఏరు దాటాలనుకుంటే ఒడ్డున ఎన్నాళ్లు కూర్చోవాలో చెప్పలేరు, అన్నాళ్లూ బత్తెం మాత్రం ఖర్చవుతూనే ఉంటుంది. ఎక్కడ ఆగాలో నిర్ణయించేవాడే ఆ జట్టుకు నిజమైన నాయకుడు.

ఆయన తిరిగొచ్చే నాటికి కృష్ణకు ఆనకట్ట లేదు. బెజవాడ దగ్గర ఆనకట్ట 1850ల్లో కట్టారు. ఇవాళ తెనాలి నుంచి రేపల్లె దాకా కాలవ గట్టు వెంట పచ్చదనం చూసేవాళ్లకు ఆనాటి ఆ నేల ఊహకందదు. యాత్ర ముగిసిన మరుసటి ఏడాదే, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమను కరువు కమ్మింది. 1832-33 నాటి ఆ కరువులో ఒక్క గుంటూరు జిల్లాలోనే లక్షమందికి పైగా చనిపోయారు. వీరాస్వామయ్య జట్టు రెండేళ్లు ఆలస్యంగా బయలుదేరి ఉంటే, డబ్బు చేతిలో పెట్టుకుని కూడా ఈ దారిన బియ్యం కొనలేకపోయేది.

తరవాత రైలొచ్చింది. బెజవాడ నుంచి తెనాలి, బాపట్ల మీదుగా మద్రాసు వైపు వెళ్లే దారి 1899 నాటికి పూర్తయింది. తెనాలి నుంచి రేపల్లెకు చీలిన శాఖ 1916 నాటిది. మజిలీ అనేదానికి ఇక పనిలేకుండా పోయింది. బాపట్లలో బండెక్కినవాడు ఎక్కడ వండుకోవాలి, ఎక్కడ పడుకోవాలి అని ఆలోచించనక్కర్లేదు. టిక్కెట్టు డబ్బులు చూసుకుంటే చాలు. చిత్రమేమిటంటే, కాళ్లకు మజిలీతో అవసరం తీరిపోతున్న ఆ కాలంలోనే సాహిత్యంలో దానికి గొప్ప భోగం పట్టింది. మధిర సుబ్బన్న దీక్షితులు (1868–1928) పన్నెండు భాగాల ‘కాశీమజిలీ కథలు’ రాశారు.

వాటి చట్రం తెలిసిందే అయినా ఒకసారి గుర్తు చేసుకోవాలి. మణిసిద్ధుడనే యతి కాశీకి పోతూ తోడు కోసం ఒక గోపకుమారుణ్ణి వెంటబెట్టుకుంటాడు. ఆ కుర్రవాడు ఊరికే రాడు, షరతు పెడతాడు. దారిలో తాను చూసిన వింతకల్లా గురువు కథ చెప్పాలి, చెప్పకపోతే కుర్రవాడు అక్కణ్ణుంచే వెనక్కి. రోజంతా నడక, మజిలీ చేరాక వంట, భోజనం, ఆ తరవాత కథ. నడిచినంతసేపూ కథ ఉండదు, ఆగినప్పుడే ఉంటుంది. కావడి మోసే శిష్యుడి ఓపిక గురువుకున్న మూలధనం. దాన్ని ప్రతి మజిలీలోనూ కథ పోసి నింపుకోవాలి. విశ్రాంతికి ధర కట్టిన కథాచట్రం తెలుగులో దీనికి మించింది నాకు కనబడలేదు.

పరిమితమైన వనరు, అది తిరిగి నిండే వేళ అనే ఊహ మనకు ఇంకా పాతది. విశ్వామిత్రుడు రామలక్ష్మణులను యాగరక్షణకు తీసుకుపోతూ సరయూ తీరాన బల, అతిబల విద్యలు ఉపదేశించాడు. ఆకలీ అలసటా సోకకుండా చేసే విద్యలవి. కథకుడు ఆ ఇద్దరికీ బత్తెం లెక్క కొట్టేశాడన్నమాట. భారతంలో లెక్క కొట్టెయ్యలేదు, బిగించారు. వనవాసానికి పోయిన ధర్మరాజు వెంట బ్రాహ్మణులు తరలివచ్చారు, వాళ్లకు తిండి పెట్టే దారి లేదు. ధౌమ్యుడి మాటమీద సూర్యుణ్ణి కొలిస్తే రాగిపాత్ర దొరికింది. ఎందరికి వడ్డించినా తరగదు, ద్రౌపది భోంచేసే వరకే. ఆమె చేయి కడిగితే ఆ రోజుకు పాత్ర ఖాళీ. దుర్యోధనుడు దుర్వాసుణ్ణి పదివేలమంది శిష్యులతో సరిగ్గా ఆ తరవాత చేరుకునేట్టు పంపాడు. రోజుకొకసారే పనిచేసే శక్తి, అది ఖర్చయ్యాక ఊడిపడిన ఆపద. ఇప్పుడు నేను చెప్పబోయే ఆట మొత్తం ఈ ఒక్క ముడి మీద నిలబడి ఉంది. ఆ పూట పాత్రకు అంటిన శాకంతో కృష్ణుడు గట్టెక్కించాడు గాని, ఆటలో ఆ సౌకర్యం అంత సులువుగా దొరకదు.

ఆటకు ముందు తెనాలి సంగతి. 1947 జులైలో మద్రాసు నుంచి వెలువడిన ‘చందమామ’ను బి. నాగిరెడ్డితో కలిసి నిలబెట్టిన చక్రపాణి తెనాలివాడు. 1952 నుంచి 1980లో పోయేదాకా దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావు తెనాలిలో పుట్టినవాడు. అదే 1952లో ఆ పత్రికలో చేరిన దాసరి సుబ్రహ్మణ్యం (1932–2010) కూడా తెనాలి ప్రాంతం నుంచే వెళ్లినవాడు. 1954లో మొదలైన ‘తోకచుక్క’ నుంచి ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘యక్షపర్వతం’, ‘మాయాసరోవరం’ దాకా పాతికేళ్ల పాటు ఆయన సీరియళ్లు సాగాయి. పత్రికలో రచయిత పేరు ఉండేది కాదు. చిత్రకారుడు చిత్రా గీసిన మొసళ్లూ కోటబురుజులూ గుర్తున్న పాఠకులకు ఈ రచయిత పేరు ఎన్నో ఏళ్ల తరవాత గాని తెలియలేదు.

ఈ సీరియళ్లలో నాయకుడు ఒంటరిగా ఉండడం అరుదు. ‘శిథిలాలయం’లో శిఖిముఖి పక్కన విక్రమకేసరి, ‘యక్షపర్వతం’లో ఖడ్గవర్మ పక్కన జీవదత్తుడు, ‘మాయాసరోవరం’లో జయశీలుడి పక్కన సిద్ధసాధకుడు. కత్తి పట్టేవాడొకడు, మంత్రమో తంత్రమో తెలిసినవాడొకడు, అడవి దారి తెలిసిన మూడోవాడు మధ్యలో వచ్చి కలుస్తాడు. అమెరికాలో నేను చెప్పబోయే టేబుల్‌టాప్ ఆట పుట్టకముందే ఇలాంటి సాహస జట్లు తెలుగు పిల్లల చేతుల్లో ఉన్నాయి. రెండింటికీ సంబంధం ఉందని కాదు. ప్రమాదకరమైన దారిలో నలుగురు నడిచే కథ ఎవరు రాసినా పనుల పంపకం ఇలాగే తేలుతుంది.

లెక్క దగ్గర మాత్రం దాసరి దారి వేరు. ఆయన నాయకుల అంబులపొదిలో ఎన్ని బాణాలు మిగిలాయో పాఠకుడు లెక్కపెట్టుకోడు. ఆకలి వేస్తే పళ్లచెట్టు కనబడుతుంది, దాహం వేస్తే సెలయేరు. సీరియల్‌కు కావలసిన బిగువు వేరేచోటి నుంచి వచ్చింది. నెలకొక భాగం, ఆపదలో తెగే చివరి వాక్యం, తరవాతి సంచిక మొదట్లో జరిగిన కథ నాలుగు ముక్కల్లో. ఆ నెల్లాళ్ల ఎడమే నాయకులకూ పాఠకుడికీ విశ్రాంతి. కిందటి నెల చావుబతుకుల్లో ఉన్న ‘తోకచుక్క’ నాయకుడు సమరసేనుడు ఈ నెల తెరిపిన పడితే ఎవరూ తప్పుపట్టలేదు. పిల్లల పత్రికలో అదే సరైన పద్ధతి. జొన్నరొట్టెల లెక్క చెబుతూ కూర్చుంటే అందులోని మాంత్రికులు ఏకాక్షి, చతుర్నేత్రుల పోరు ఎప్పటికి ముగిసేను?

మజిలీ లెక్కను కథకుడి చేతిలోంచి తీసి నడిచేవాళ్ల చేతికే ఇచ్చిన పని 1974లో జరిగింది. విస్కాన్సిన్ రాష్ట్రంలోని లేక్ జెనీవా ఊరి గ్యారీ గైగాక్స్, మిన్నెసోటాకు చెందిన డేవ్ ఆర్నెసన్ కలిసి ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అనే ఆటను మూడు చిన్న పుస్తకాలుగా పెట్టెలో పెట్టి పది డాలర్లకు అమ్మారు. తొలి ముద్రణ వెయ్యి ప్రతులు. ఆడేవాళ్లలో ఒక్కొక్కరూ ఒక వీరుడో మాంత్రికుడో అవుతారు. ఒకరు మాత్రం వాళ్ల చుట్టూ ఉన్న లోకమంతా అవుతారు, అంటే గేమ్ మాస్టర్. ఏం చెయ్యదలచారో నోటితో చెప్పాలి, ఫలితం సందేహమైనచోట పాచికలు వెయ్యాలి.

దీని పూర్వీకులు కథకులు కారు, సైనికులు. ప్రష్యా సైన్యాధికారి రైస్విట్జ్ 1824లో ప్రచురించిన ‘క్రీగ్‌స్పీల్’లో ఒక్కొక్క ఎత్తూ రెండు నిమిషాల కాలానికి సమానం. రెండు పక్షాలకూ చెందని మధ్యవర్తి ఒకడు నష్టాలు లెక్కకట్టేవాడు. ఆ సంప్రదాయం అమెరికా వినోదపు బల్లల మీదికి చేరింది. 1969లో డేవిడ్ వెస్లీ ఆటగాళ్లకు సేనల బదులు ఒక్కొక్క మనిషి పాత్ర ఇచ్చి చూశాడు. ఆర్నెసన్ దాన్ని కోట కింది సొరంగాల్లోకి దించాడు. గైగాక్స్ 1971లో జెఫ్ పెరెన్‌తో కలిసి రాసిన ‘చెయిన్‌మెయిల్’ యుద్ధ నియమాలు ఇంకో పాయ. అడవిదారి ప్రయాణాలకు వేరే పటం గీయకుండా, 1972లో అవలాన్ హిల్ కంపెనీ తెచ్చిన ‘అవుట్‌డోర్ సర్వైవల్’ బోర్డును వాడుకోమన్నారు. ఆకలిదప్పులతో అడవిలోంచి బయటపడే ఆట అది.

తొలి పుస్తకాల్లోని సరుకుల పట్టీ చూడండి. ఆరు కాగడాలు ఒక బంగారు నాణెం. యాభై అడుగుల తాడు మరో నాణెం. వారం రోజుల మామూలు బత్తెం ఐదు నాణేలు, సొరంగంలో చెడిపోకుండా నిలిచే బత్తెం పదిహేను. బరువును కూడా బంగారు నాణేల్లోనే కొలిచారు. ఇందులో ఒక మెలిక ఉంది. పాత్ర మెట్టు ఎక్కాలంటే అనుభవపు పాయింట్లు కావాలి, అవి ప్రధానంగా బయటికి మోసుకొచ్చిన బంగారానికి వస్తాయి. మోసేకొద్దీ నడక నెమ్మదిస్తుంది, నడక నెమ్మదిస్తే కాగడాలు అయిపోతాయి. ఆశకు నేరుగా తూకపురాళ్లు కట్టారు.

కాలం లెక్క ఇంకా కటువు. సొరంగంలో ఒక ‘టర్న్’ అంటే పది నిమిషాలు, ప్రతి ఆరు టర్న్‌లలో ఒకటి విశ్రాంతికి పోవాలి. 1981లో టామ్ మోల్డ్‌వే తిరగరాసిన ప్రాథమిక నియమాల్లో ఇది స్పష్టంగా కనబడుతుంది. కాగడా ఆరు టర్న్‌లు వెలుగుతుంది, లాంతరు ఇరవైనాలుగు. అంటే ప్రతి కాగడాలో ఆరో వంతు కూర్చున్నచోటే కాలిపోతుంది. విశ్రాంతి మానేస్తే దెబ్బ గురి తప్పుతుంది. ప్రతి రెండు టర్న్‌లకూ ఒక పాచిక వెయ్యాలి, ఒకటి పడితే తిరిగే రాక్షసుడెవడో ఎదురవుతాడు. గంటకు మూడుసార్లు ఆ పాచిక పడితే, ఒక్కసారైనా ఆపద తగిలే అవకాశం నూటికి నలభై రెండు పాళ్లు. ఆగినా ఖర్చే, కదిలినా ఖర్చే. వెనక్కి తిరగాల్సిన క్షణాన్ని గుర్తుపట్టడమే ఆటలో నేర్పు. తలుపు అవతల ఏముందోనన్న ఆశ ఆ క్షణాన్ని దాటిపోయేలా చేస్తుంది.

మంత్రాల లెక్క సాహిత్యం నుంచి వచ్చింది. జాక్ వాన్స్ 1950లో ‘ది డైయింగ్ ఎర్త్’ కథలు ప్రచురించాడు. సూర్యుడు ఆరిపోబోతున్న కాలంలో మాంత్రికులు మంత్రాన్ని శ్రమపడి తలకెక్కించుకుంటారు, పలకగానే అది తలలోంచి పోతుంది. మజీరియన్ అనే వాడి తలలో భీకరమైన మంత్రాలైతే నాలుగు, చిన్నవైతే ఆరు పడతాయి. గైగాక్స్ దీన్ని ఆటలోకి తెచ్చాడు. మొదటి మెట్టు మాంత్రికుడికి రోజుకు ఒకే మంత్రం. మళ్లీ కావాలంటే రాత్రి గడవాలి, పుస్తకం తెరవాలి. గాయాలకు ఇంకా ఎక్కువ కాలం పట్టేది. 1974 నియమాల ప్రకారం పూర్తి విశ్రాంతి తీసుకున్న మొదటి రోజు ఏమీ కోలుకోరు, ఆ తరవాత రోజు విడిచి రోజు ఒక్క ప్రాణం పాయింటు. బాగా దెబ్బతిన్న వీరుడు వారాల తరబడి సత్రంలో మంచం పట్టాల్సిందే. 1979 నాటి గేమ్ మాస్టర్ల పుస్తకంలో గైగాక్స్, కాలం లెక్క కచ్చితంగా రాయకపోతే సాగే ఆటకు అర్థమే ఉండదని పెద్దక్షరాలతో హెచ్చరించాడు. వీరాస్వామయ్య చూసి ఉంటే తల ఊపేవారేమో.

ఆటగాళ్లు అంత సులువుగా లొంగలేదు. లెక్క ఉన్నచోట లెక్కను ఓడించే తెలివి పుడుతుంది. 2000లో వచ్చిన మూడో కూర్పులో చిన్న గాయాలు మాన్పే మంత్రదండం ఒకటుంది. వెల ఏడువందల యాభై నాణేలు, యాభై సార్లు పనిచేస్తుంది. సగటున రెండువందల డెబ్బయి అయిదు పాయింట్ల గాయం మానుతుంది. ఆ దండం సంచిలో పడ్డాక సత్రం మంచంతో పనిలేదు, గాయం కాస్తా డబ్బు లెక్కలో కలిసిపోయింది. మాంత్రికులది ఇంకో ఎత్తు. మొదటి పోరాటంలోనే పెద్ద మంత్రాలన్నీ కురిపించి, తలుపు గడియ వేసుకుని, మర్నాటిదాకా పడుకోవడం. దానికి ఆటగాళ్లలో ‘పదిహేను నిమిషాల రోజు’ అని వెక్కిరింపు పేరు స్థిరపడింది. కత్తివీరుడికి ఇందులో అన్యాయం కూడా ఉంది. వాడి కత్తి రోజంతా ఒకేలా తెగుతుంది, పక్కవాడు పావుగంట మెరిసి పడుకుంటానంటాడు.

2008 నాటి నాలుగో కూర్పు ఈ తగువును చట్టం చేసి తీర్చబోయింది. అందరి శక్తులనూ ఎప్పుడూ వాడగలిగేవి, పోరాటానికొకసారివి, రోజుకొకసారివి అని మూడు రకాలుగా విభజించింది. ఐదు నిమిషాల చిన్న విశ్రాంతి, ఆరు గంటల పెద్ద విశ్రాంతి. పద్దు శుభ్రంగా కుదిరింది గాని, అందరూ ఒకే అచ్చులో పోసినట్లున్నారని చాలామంది మొహం తిప్పుకున్నారు. 2014లో ఐదో కూర్పు చిన్న విశ్రాంతిని గంటకు, పెద్దదాన్ని ఎనిమిది గంటలకు పెంచి, ఇరవైనాలుగు గంటల్లో పెద్ద విశ్రాంతి ఒక్కసారే అని కట్టడి చేసింది. తెల్లవారేసరికి గాయాలన్నీ మాయం. రోజుకు ఆరు నుంచి ఎనిమిది మధ్యస్థమైన, కష్టమైన పోరాటాలు తట్టుకుంటారని గేమ్ మాస్టర్ల పుస్తకం అంచనా కట్టింది. ఒక సాయంత్రం కూర్చుని ఆడేవాళ్లకు అన్ని పోరాటాలు ఎక్కడ కుదురుతాయి? రెండో మూడో జరిగేసరికి రాత్రవుతుంది, ఇళ్లకు పోవాలి. కాగితం మీది రోజుకూ ఆడేవాళ్ల రోజుకూ పొంతన కుదరక, విశ్రాంతి మళ్లీ గేమ్ మాస్టర్ దయాధర్మమైంది. ఏ రాత్రి రాక్షసుల్ని నిద్రలో పంపాలో, ఏ రాత్రి వదిలెయ్యాలో ఆయన ఇష్టం. మణిసిద్ధుడి కాలానికి ఆట సగం దూరం వెనక్కి నడిచిందనిపిస్తుంది నాకు.

దీన్ని ఒప్పుకోనివాళ్లు పాత పద్దును మరింత కఠినంగా తిరగరాశారు. 2013లో థోర్ ఓలావ్స్‌రూడ్, లూక్ క్రేన్ తెచ్చిన ‘టార్చ్‌బేరర్’లో ప్రతి నాలుగో టర్న్‌కూ జట్టు మీద ఒక దురవస్థ పడుతుంది. మొదట ఆకలిదప్పులు, ఆ వెనక కోపం, భయం, అలసట లాంటివి. మజిలీ వేసే హక్కు ఊరికే రాదు. తన స్వభావంలోని లోపం తనకే అడ్డొచ్చేలా ఆడినవాడికి కొన్ని గుర్తులు దక్కుతాయి, మజిలీలో ఏ పని చేసుకోవాలన్నా వాటినే ఖర్చు పెట్టాలి. కథ చెబితేనే నడుస్తానన్న గోపకుమారుడి షరతుకు ఇది తలకిందుల రూపం. ఇక్కడ ముందు దారిలో కథ పండించాలి, ఆ తరవాతే కాళ్లు చాపుకోవడం.

2023లో కెల్సీ డియోన్ ప్రచురించిన ‘షాడోడార్క్’ ఇంకో అడుగు ముందుకు పోయింది. అందులో కాగడా ఒక గంట వెలుగుతుంది, ఆటలోని గంట కాదు, గోడ గడియారం గంట. జట్టు చీకట్లో ఏ దారి పట్టాలా అని వాదించుకుంటున్నా అది కాలుతూనే ఉంటుంది. ఎవరైనా మధ్యలో టీకి లేస్తే గడియారం ఆపాలా వద్దా అన్నది మాత్రం బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు ముందే మాట్లాడుకోవడం మంచిది.